రెండు చేతుల మందు

“ముందు నోరు తెరువనీ. ఏడుపు ఆనక ఏడుద్దువు గాని,” అన్నది ఓబులమ్మ.

రామసుబ్బమ్మ చేత కంచుగిన్నె ఉన్నది. తేనెలో రంగరించిన వేరుచూర్ణము గిన్నె అడుగున బురదవలె పేరుకొని ఉన్నది. మంచముమీద ఆమె భర్త తిమ్మయ్య వెల్లకిల పడుకొని ఇంటి దూలములవంక చూస్తున్నాడు.

నిన్న మధ్యాహ్నము కుందూ ఏటి మడుగు ఒడ్డున తలపాగ విప్పి, మడతపెట్టి, ప్రక్కన ఉంచుకొని, నీళ్ళవంక చూస్తూ కూర్చున్న మనిషిని సేద్యగాడు మారెన్న చేయి పట్టుకొని ఇంటికి తెచ్చినాడు. ఎందుకు పోయినావని ఎవరూ అడుగలేదు. అడుగకుండానే అందరికీ తెలిసినది. అప్పటినుండి ఆ ఇంట పొయ్యి రాజలేదు.

“తెల్లవారుజామున ఒకసారి ఇచ్చినా గదా వదినా. మళ్ళా ఇయ్యమంటావా?”

“ఈరన్న ఏం చెప్పినాడు? రోగం ముదిరితే మోతాదు పెంచమన్యాడా, లేదా? నిన్న ఏటికాడికి పోయినోడు రేపు యాడికి పోతాడో నీకు తెలుసునా?”

చిన్న ఈరన్న కోయిలకుంట్ల చుట్టుప్రక్కల పేరుగల నాటువైద్యుడు. సంకెళ్ళతో కట్టివేసిన ఉన్మాదులను సయితము ఆ వేరుతో శాంతింపజేసినాడని ప్రతీతి. అది అబద్ధము కాదు. ఆ వేరే నలువది దినములుగా తిమ్మయ్య కడుపులోనికి పోతున్నది.

“నోట్లో పొయ్యక్కా,” అన్నాడు తిమ్మయ్య కన్ను త్రిప్పకుండానే. “మింగుతా. ఏదైనా ఒకటే.”

“ఏదైనా ఒకటే అంట. రామసుబ్బమ్మా, ఇను ఈ మాట. రెండు కాండ్ల ఎద్దులతో సేద్యం చేసిన మొగోడు మాట్లాడే మాటేనా ఇది? ముంగారి వాన పడి మూడు దినాలాయె. ఊరంతా విత్తే గొర్రు కట్టినారు. మన చేనొకటే నోరు తెరుచుకోని ఎండతాంది. నీకేం తక్కువైందిరా? తిండి లేదా, గుడ్డ లేదా? మనసు గట్టి చేసుకోని లేయి.”

“అది యాడుండాదో కనపడితే గదక్కా, గట్టి చేసేది.”

ఓబులమ్మ తిమ్మయ్యకంటె పదమూడేండ్లు పెద్దది. పెండ్లియైన రెండవ యేటనే వైధవ్యము ప్రాప్తించి పుట్టింటికి చేరి, తమ్ముని ఎత్తుకొని పెంచి, ఆ ఇంటిని తన కనుసన్నల నిలబెట్టినది. అహోబిలము నరసింహస్వామికి మూడు పర్యాయములు ముడుపు కట్టినది. చీవాట్లు పెట్టినది. దిష్టి తీసినది. ఆమెకు తెలిసిన ఉపాయములలో ఇక మిగిలినది ఆ గిన్నె యొకటే.

“ఏడుపన్నా వస్తే బాగుండు,” అన్నాడు తిమ్మయ్య మరల, ఎవరితోనో కాదన్నట్లు. “పెద్దెద్దు చచ్చిపోయిన పొద్దు కూడా రాలేదు. దాన్ని నేనే చంపినా.”

“ఎద్దు ముసలిదై చచ్చింది,” అన్నది రామసుబ్బమ్మ మెల్లగా. ఆ మాట ఆమె చెప్పుట అది ఎన్నవసారియో ఆమెకే తెలియదు.

“నేను కాడికి కట్టినందుకు చచ్చింది.”

“అక్కా, ఆ గిన్నె కింద పెట్టు,” అని వాకిటనుండి కేక వినబడినది.

వచ్చినవాడు గోపన్న, రామసుబ్బమ్మ తమ్ముడు. డోనులో రైలుస్టేషనునందు సరకుల గుమాస్తా. నిన్న సాయంకాలము మనిషిచేత కబురు అందుకొని, నంద్యాల మీదుగా వచ్చినాడు. అతని వెనుక తోలుసంచి చేతబట్టుకొని ఒక సన్నని మనిషి గడపవద్ద ఆగినాడు.

“డాక్టరును తోలుకొచ్చినా. బస్సులో ఆయప్పకు సీటిచ్చి నేను కోళ్ళగంప మీద కూసున్యా. ఆ కోళ్ళ ఉసురు ఊరికే పోనియ్యద్దండి.”

ఎవరూ నవ్వలేదు. ఓబులమ్మ ఆ వచ్చినవానిని చూచి, కొంగు తలమీదికి లాగుకొన్నది. ఎరుగనివాడు కాడు. పేరు దావీదురాజు. తల్లి జీవమ్మ తిమ్మయ్య చేలలో ముప్పది యేండ్లు కొడవలి పట్టినది. కొడుకు మిషను బడిలో చదివి, వైద్యవిద్య ముగించి, ఇప్పుడు నంద్యాలలో ఆసుపత్రి డాక్టరు. ఆరు నెలలక్రింద తిమ్మయ్యకు తల తిరుగుచున్నదన్నప్పుడు రక్తపుపోటు చూచి మాత్రలు వ్రాసి ఇచ్చినది ఇతడే. అప్పుడు వీరే అచ్చటికి పోయినారు. అతడు ఈ గడపకు రావడము ఇదే మొదలు.

“లోపలికి రాండి అయ్యా,” అన్నది రామసుబ్బమ్మ. ఓబులమ్మ అనలేదు. రావద్దనీ అనలేదు.

దావీదురాజు చెప్పులు విడిచి వచ్చి మంచము ప్రక్కన పీటమీద కూర్చున్నాడు.

“తిమ్మయ్యగారూ, నేను దావీదును. ఎట్ల ఉండాది?”

“ఉండా.”

“నిద్ర?”

“మూడో జాముకే మెలకువ వస్తాది. అప్పుడు మొదలైతాది.”

“ఏం మొదలైతాది?”

“పొద్దు పొడుస్తాదే అని భయం.”

డాక్టరు అతని చేతికి పోటు కొలిచే పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి, పాదరసపు గొట్టమువంక చూచినాడు. మరల చుట్టి మరల చూచినాడు. నాడి పట్టి గడియారమునుబట్టి చూచినాడు. రోగి నోటితో గాలి పీల్చుచుండుట గమనించి, “ముక్కు దిబ్బడ వేసిందా?” అని అడిగినాడు.

“నెల దినాలనుంచి,” అన్నది రామసుబ్బమ్మ. “జలుబేమో అనుకున్యాము.”

“నేను రాసిచ్చిన మాత్రలు ఎన్ని ఇస్తాండావమ్మా?”

“మీరు చెప్పినట్లే. పొద్దున ఒకటి, మాపున ఒకటి.”

“ఆ రెండిటికి నాడి ఇంత మందగించదు. పోటు ఇంత కిందికి దిగదు. ఇంకేమిస్తాండారు?”

రామసుబ్బమ్మ ఆడుబిడ్డ ముఖము చూచినది. ఓబులమ్మ గోడ చూచినది.

డాక్టరు చేయి చాచి నేలమీది గిన్నెను అందుకొన్నాడు. వ్రేలితో కొంచెము తీసి నాలుకమీద వేసుకొన్నాడు. తేనె క్రిందనుండి పుట్టిన చేదుకు అతడు కన్నులు చిట్లించినాడు.

“ఇది సర్పగంధ.”

“అవునయ్యా,” అన్నది రామసుబ్బమ్మ. మరి దాచలేకపోయినది. “ఇంగ్లీషు మందు తగిలితే వేరు పనిచెయ్యదని ఈరన్న చెప్పినాడు. వేర్లూ పసర్లూ పెడితే ఈడికి రావద్దని మీ ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. ఎవురిది మానితే ఎవురికి కోపమొస్తాదో అని రెండూ ఇస్తి. ఈరన్నకు మీ సంగతి చెప్పలేదు. మీకు ఆయప్ప సంగతి చెప్పలేదు. ఒక చేతికి తెలీకుండా ఒక చేత పెడితి. రెండూ పనిచేస్తే తొందరగా లేస్తాడనుకున్యా.”

“అమ్మా, ఆ రెండూ వేరువేరు మందులు కావు. నా మాత్ర ఈ వేరులోనుంచి తీసిందే.”

రామసుబ్బమ్మకు ఆ మాట వెంటనే బోధపడలేదు. బోధపడినంతనే గిన్నె ఎత్తుకొని దొడ్డిలోనికి పోయినది. పారబోసిన చప్పుడు వినబడినది. పారబోసినపిమ్మట కూడ ఆమె చాలసేపు రాలేదు.

“మందు మందే గదా, ఎక్కువైతే ఏమైతాదంట?” అన్నది ఓబులమ్మ. “పిచ్చోళ్ళే బాగైనారు దీంతో.”

“బాగైనారు. పొంగేవాణ్ణి అణచేదానికి ఇది మంచి మందు. అణగినవాణ్ణి ఇంకా అణుస్తాది.” డాక్టరు గొంతు తగ్గించినాడు. “మన మెదడులో ఒక నరం ఇంకొక నరానికి కబురు పంపేదానికి ఏవో రసాలుండాయి. ఈ వేరు వాటిని ఖాళీ చేస్తాదని ఈ ఏడాది రెండేండ్లలోనే తెలిసింది. ఇంకా శానా తెలీదు. బాయిలో నీళ్ళుంటాయి. ఎద్దులుంటాయి. నీళ్ళు తోడే మోట తూటుపడితే మడికి నీళ్ళు రావు. ఎద్దుల్ని కొడితే ఏం లాభం?”

“అదీ మాట,” అన్నాడు గోపన్న. “మా వదిన నెలనుంచీ ఎద్దునే కొడతాంది.”

“నోరు ముయ్యప్పా గోపన్నా,” అన్నది ఓబులమ్మ. పిమ్మట డాక్టరువంక తిరిగి, “అంటే నా తమ్ముణ్ణి మేమే ఇట్ల చేసినామంటావు,” అన్నది.

“నేనూ చేసినా. ఆరు నెలల్లో మూడుసార్లు నాకాడికి వచ్చినాడు. మూడుసార్లూ నెత్తురు పోటు చూసినా గాని మొగం చూళ్ళేదు. మొగం చూసింటే ఈ మాత్ర అప్పుడే మానిపించేవాణ్ణి.”

ఓబులమ్మ దీనికి సిద్ధపడి ఉండలేదు. తప్పు తనదని ఆ యింట నిలిచి చెప్పుకొన్న మగవానిని ఆమె అంతకుముందు చూచి ఎరుగదు.

“రెండూ మానేస్తే లేస్తాడా?” అన్నాడు గోపన్న.

“మూడు నాలుగు వారాలు పడతాది. పోటు మళ్ళా పెరగకుండా వేరే దోవ చూస్తాను, ఉప్పు తగ్గించండి. ఈయనను ఒంటిగా ఇడవద్దండి. పొద్దున్నే లేపి, వద్దన్నా సరే, ఎండలో నాలుగడుగులు నడిపించండి. గుక్కెడో పిడికెడో అడగకుండా పెట్టండి. నీకేం తక్కువ, గట్టిగా ఉండు అనద్దండి. కాలు విరిగినోణ్ణి లేసి నడువు అంటామా? పక్కన కూసుంటే చాలు, మాట్లాడకపోయినా సరే. ఇంకొకటి. కాళ్ళకు సత్తువ ముందొస్తాది, మనసుకు ఎనక వస్తాది. ఆ నడుమ దినాలే శానా చెడ్డవి. లేసి తిరగతాండాడని మురిసిపోయి ఇడిస్తే...”

ఓబులమ్మ చేయి చటుక్కున స్తంభమును పట్టుకొన్నది. డాక్టరు అది చూచినాడు.

“అమ్మా, మీతో ఒక మాట. బయట.”

ఇద్దరూ పంచలోనికి వచ్చినారు. నల్లరేగడిమీదనుండి తడిమట్టి వాసన వీస్తున్నది. దూరమున ఎవరిదో గొర్రువెంట ఆడవారు విత్తుచు పాడుచున్నారు. ఓబులమ్మ నిలుచున్నది. డాక్టరును కూర్చోమనలేదు.

“ఈ మాత్ర నూర్లమందికి ఇస్తాండాము,” అన్నాడు అతడు. “అందరూ ఇట్ల కారు. కొందరికే ఇట్లయితాది. ఈ రోగం నెత్తుట్లో ముందునుంచీ ఉండినోళ్ళకు తొందరగా తగులుతాదని నా అనుమానం. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవురికన్నా ఇట్ల ఉండెనా?”

“ల్యా, ఎవురికీ లేదు.”

“మీ నాయనకు?”

“మా నాయన గత్తర తగిలి, వాంతులై పోయినాడు. ఊరందరికీ తెలుసు.”

“మా యమ్మ ఆ పొద్దు మీ చేన్లోనే కోత కోస్తాండెనంట,” అన్నాడు దావీదురాజు.

నలువది మూడేండ్లుగా తండ్రి చావు సంగతి ఇంటిగడప దాటలేదని ఓబులమ్మ నమ్మినది. ఇంటివారికి తెలియనిది కోతకు వచ్చిన కూలివారి గుడిసెలలో భద్రముగా ఉండి, ఒక్కరైనను దానిని వీథిలోనికి తేలేదన్న సంగతి ఆమెకు ఇప్పుడు తెలిసినది. అది అవమానమో, ఋణమో ఆమె నిర్ణయించుకొనలేకపోయినది.

“జీవమ్మ నీకు చెప్పిందా?”

“నేను ఈ ఊరికి బయల్దేరతాంటే చెప్పింది. అంతకుముందెప్పుడూ చెప్పలేదు. నేను లోపల చెప్పను. మీరే చెప్పాల.”

“ఎందుకు? వానికి రెండేండ్లప్పుడు జరిగింది. గత్తర అని పెంచినా. తెలిస్తే వానికి దోవ చూపించినట్లయితాది.”

“ఆ దోవ ఆయనకు నిన్ననే కనపడిందమ్మా.”

ఓబులమ్మ కన్నులు మూసికొన్నది.

“ఇప్పుడు ఆయనకు కనపడంది ఒకటే,” అన్నాడు డాక్టరు. “ఇది రోగమని కనపడలేదు. ఎద్దును చంపిన పాపమనుకుంటాండాడు. తండ్రికీ ఇదే వచ్చిందంటే పాపం కాదని తెలుస్తాది. నాకూ తెలియాల. ఇది వేరు చేసిన పనే అయితే ఈడనే మూడు వారాలు కాచుకుంటాం. నెత్తుట్లో ఉంటే కాచుకునేదానికి లేదు. మదరాసుకు తీసకపోవాల. ఆడ మెదడుకు కరెంటు పెట్టే వైద్యం ఉండాది. వినేదానికి భయమే. బతికినోళ్ళను నేను చూసినా.”

“చెప్పినాక వాడు ఏమన్నా చేసుకుంటే?”

“అట్ల కాదని నేను చెప్పలేను.”

ధైర్యము చెప్పియుంటే ఆమె లోపలికి పోయెడిది కాదేమో. ధైర్యము చెప్పలేదు గనుక నమ్మినది.

రామసుబ్బమ్మ దొడ్డిలోనుండి వచ్చి మంచము కోడు ప్రక్కన కూర్చుండి ఉన్నది. ఆమె చేతులు కడిగికడిగి తడిగా ఉన్నవి. ఓబులమ్మ వచ్చి, ఎన్నడూ లేనిది, మరదలి ప్రక్కన నేలమీద చతికిలబడినది. డాక్టరు ద్వారబంధమువద్ద నిలిచినాడు.

“తిమ్మా, నాయనకు గత్తర రాలేదు.”

తిమ్మయ్య దూలములవంకనే చూస్తున్నాడు.

“నాయనకూ ఇట్లనే ఉండె. నీ మాదిరే పండుకోని పైకి చూసేవాడు. తిండి మన్ను మాదిరి ఉండాదనేవాడు. ఊరిలో పంట దెబ్బతినింది తన పాపానికే అనేవాడు. అమ్మ తిట్టేది. నేనూ తిడితి. నాకప్పుడు పదైదేండ్లు. మేనమామ వచ్చి మనసు గట్టి చేసుకోమని చెప్పిపోయినాడు. కోతలొచ్చె. అమ్మ చేనికి పోవాలె. నిన్ను నా సంకలో పెట్టి, నాయనను చూసుకోమని పోయింది. పది దినాలు చూసుకుంటి. పదకొండోనాడు నాయన తనకు తానే లేసినాడు. నీళ్ళు పోసుకున్యాడు. సంగటి అడిగి తిన్యాడు. నిన్ను ఎత్తుకోని ఆడించినాడు. నాకు బాగుండాది ఓబీ, బిడ్డను నాకాడ పెట్టి పోయి మీయమ్మకు చెప్పిరా పో అన్యాడు.”

గోపన్న తల వంచుకొన్నాడు.

“సంతోసంగా పరిగెత్తితి. దోవలో ఎదురొచ్చినోళ్ళందరికీ చెప్తి, మా నాయన లేసినాడని. అమ్మ కొడవలి కింద పారేసి నవ్వింది. మేము ఇంటికొచ్చేటప్పటికి నీవొక్కనివే వాకిట్లో కూసోని ఏడుస్తాంటివి.”

రామసుబ్బమ్మ అప్రయత్నముగా ఆడుబిడ్డ మోకాలిమీద చేయి వేసినది. ఓబులమ్మ ఆ చేతిని తొలగించలేదు.

“నన్ను పొమ్మన్యాడని అమ్మకు చెప్పలేదు,” అన్నది. “ఎవురికీ చెప్పలేదు. ఇప్పుడే.”

తిమ్మయ్య మెల్లగా ప్రక్కకు తిరిగినాడు. నెలల తరబడి ఎవరి ముఖమును చూడని ఆ కన్నులు అక్క ముఖముమీద నిలిచినవి. వానిలో నీరు లేదు.

“రోగమా అక్కా అది?”

“రోగమేనంట. ఈయప్ప చెప్తాండాడు.”

“నాయన మంచోడేనా?”

“మంచోడురా. కోత కోసేటోళ్ళకు గూడ తన చేత్తో నీళ్ళు పోసేవాడు.”

తిమ్మయ్య డాక్టరువంక చూచినాడు. దావీదురాజు ఔనన్నట్లు తల ఊపినాడు. ఆ సంగతి కూడ అతడు తల్లివలన విన్నదే కావచ్చును.

బయట మారెన్న ఎద్దులను గొర్రు నొగకు కట్టుకొని, నేల పదును ఆరిపోవుచున్నదనీ, విత్తేటందుకు ఇంటిలో ఎంతమంది వస్తారనీ కేక వేసి అడిగినాడు.

తిమ్మయ్య మోచేతిమీద ఆనుకొని సగము లేచినాడు. రామసుబ్బమ్మ ఆదుకొనబోగా, అక్కరలేదన్నట్లు చేయి ఆడించినాడు. ఆ కొద్ది లేవడమును చూచి సంతోషించుటకు గాని, భయపడుటకు గాని ఆ గదిలో ఎవరికిని ధైర్యము చాలలేదు.

“మరి ఈ పొద్దు నాకాడ ఎవురుంటారక్కా?” అని అడిగినాడు.

కావలి కావలెనని అడిగినాడో, కావలి లేని గడియ ఏదో తెలిసికొనుటకు అడిగినాడో ఆ నలుగురిలో ఒక్కరికిని తెలియలేదు.